చిన్న కుక్క వెనుక పెద్ద చరిత్ర

చరిత్ర అనగానే మనకు రాజులు, యుద్ధాలు, శాసనాలు స్ఫురిస్తాయి. మనిషి గడపలో వేల ఏళ్ళుగా పడుకొని ఉన్న కుక్కకు కూడా ఒక చరిత్ర ఉన్నదనీ, దానిని ఆ కుక్క ఒంటి మీదనే చదువుకోవచ్చుననీ మనకు సాధారణంగా తోచదు. రాజులు తమ కోరికలను రాళ్ళ మీద చెక్కించారు. మనుషులందరూ కలిసి తమ కోరికలను కుక్క ఎముకల మీద చెక్కారు. ఈ మాట అతిశయోక్తిగా కనబడితే, దయచేసి ఈ వ్యాసాన్ని చివరి వరకు చదవండి.

నేను ఇక్కడ తీసుకొన్నది ఒకే ఒక జాతి: పామరేనియన్. మన వాడల్లో దీనిని పమేరియన్ అనీ, పొమేరియన్ అనీ నోటికి వచ్చినట్లు పలుకుతూ ఉంటారు. ఒత్తయిన బొచ్చు, నక్క వంటి మూతి, వీపు మీదికి వాలిన కుచ్చుతోక, ఒంటికి మించిన అరుపు దీని గుర్తులు. ఇటీవలి కాలంలో ఈ పేరుకు ముందు "టీకప్" అనే విశేషణం ఒకటి వచ్చి చేరింది. తేనీటి కప్పులో కూర్చోబెట్టి తీసిన ఫోటోలతో, ఎంత చిన్నదైతే అంత ఎక్కువ ధరకు కుక్కపిల్లలు అమ్ముడుపోతున్నాయి. ఇటువంటి అతి చిన్న కుక్కను కొనదలచుకొన్నవారు ఏమి చూడాలి, ఏమి అడగాలి అన్న ప్రశ్న మా ఇంట్లోనే తలెత్తింది. సమాధానం వెదుకుతూ పోగా అది నన్ను పశువైద్యం కంటే ముందు చరిత్రలోకి తీసుకొనిపోయింది.

సముద్రతీరపు కావలికుక్క

బాల్టిక్ సముద్రపు దక్షిణ తీరాన, నేటి జర్మనీ, పోలండ్ దేశాల్లోకి విస్తరించి, పామరేనియా అనే ప్రాంతం ఉంది. "సముద్రం చెంత" అని అర్థమిచ్చే స్లావ్ మాట నుండి ఆ పేరు పుట్టింది. ఆ ప్రాంతంలోనూ దాని చుట్టుపట్ల జర్మన్ నేలలోనూ "స్పిట్జ్" అనబడే కుక్కలు ఉండేవి. స్పిట్జ్ అంటే మొనదేలినది అని అర్థం. మూతి, చెవులు కోసుగా ఉండటం చేత ఆ పేరు వచ్చింది. ఉత్తర ధ్రువ ప్రాంతాలలో మంచు మీద బండ్లు లాగే కుక్కలకు ఇవి దాయాదులు. ఇల్లు, కళ్ళం, సరుకు బండి కాపలా కాయడం, కొత్త మనిషి అలికిడి వింటే అరచి చెప్పడం వీటి పని. అరుపే వీటి వృత్తి కనుక, ఈనాడు మన అపార్ట్‌మెంట్లలో తలుపు గంట మోగగానే చెవులు చిల్లులు పడేటట్లు అరిచే ఆ ముద్దు కుక్కను తప్పుపట్టడానికి వీలులేదు. అది తన పూర్వుల ఉద్యోగాన్ని నేటికీ నిర్వర్తిస్తూ ఉన్నది.

ఈ దశలో ఈ కుక్క చిన్నది కాదన్నది మనం గుర్తుంచుకోవలసిన విషయం. 1764లో బాస్వెల్ తన యూరప్ యాత్రా దినచర్యలో ఒక ఫ్రెంచివాని పామరేనియన్ కుక్కను గురించి వ్రాసుకొన్నాడు. అంటే ఆ నాటికే ఆ పేరు వాడుకలో ఉన్నది. అయితే ఆ పేరుతో పిలువబడిన కుక్క ఒళ్ళో ఇమిడేది కాదు.

ఇద్దరు రాణులు

1761లో ఇంగ్లండు రాజు మూడవ జార్జికి, పామరేనియాకు పొరుగునే ఉన్న మెక్లెన్‌బర్గ్-స్ట్రెలిట్జ్ అనే చిన్న సంస్థానపు రాకుమారి షార్లెట్‌తో వివాహమయింది. పుట్టింటి నుండి అత్తింటికి వచ్చిన ఆడపిల్ల తనకు తెలిసినవాటిని తనతో తెచ్చుకోవడం ఏ దేశంలోనైనా ఉన్నదే. 1767లో రాణి షార్లెట్ రెండు పామరేనియన్లను ఇంగ్లండుకు రప్పించుకొన్నది. వాటి పేర్లు ఫీబీ, మెర్క్యురీ. ఆ కాలపు ఈ కుక్కలు 14 నుండి 23 కిలోల దాకా తూగేవని చెబుతారు. చిత్రకారుడు గెయిన్స్‌బరో వీటిని ఎంతో ఇష్టంగా చిత్రించాడు. సంగీతకారుడైన తన మిత్రుడు కార్ల్ ఫ్రెడ్రిక్ ఆబెల్ పెంచుకొన్న తల్లి కుక్కనూ, దాని కూననూ 1777 ప్రాంతంలో ఆయన వేసిన చిత్రం నేటికీ లండన్‌లోని టేట్ సంగ్రహాలయంలో ఉన్నది. 1781 నాటి "పెర్డిటా" రాబిన్‌సన్ చిత్రంలోనూ ఆమె పక్కన తెల్లని పామరేనియన్ కూర్చొని ఉంటుంది. కూర్చొన్న ఆ కుక్క ఏ వంకన చూసినా కప్పులో పట్టేది కాదు, ఒళ్ళో కూడా పట్టేది కాదు.

షార్లెట్ మనుమరాలు విక్టోరియా రాణి. 1888లో ఆమె ఇటలీలోని ఫ్లారెన్సు నగరంలో బస చేసినప్పుడు అక్కడి చిన్నపాటి స్పిట్జ్ కుక్కలు ఆమె మనసును హరించాయి. వాటిలో మార్కో అనే మగ కుక్కను ఆమె వెంట తెచ్చుకొన్నది. దాని బరువు 12 పౌండ్లు, అంటే దాదాపు 5.4 కిలోలు. అమ్మమ్మల కాలపు కుక్కతో పోలిస్తే ఇది సగమైనా లేదు. 1891లో లండన్‌లో మొట్టమొదటి క్రఫ్ట్స్ ప్రదర్శన జరిగినప్పుడు రాణి తన పామరేనియన్లను పోటీకి పంపింది. రాణిగారి కుక్క ప్రదర్శనలో నిలబడితే ఇక ప్రజల అభిరుచి ఎటు మొగ్గుతుందో చెప్పనక్కరలేదు. యథా రాజా తథా ప్రజా అన్నారు కదా. చిన్న పామరేనియన్ ఒక్కసారిగా వేడుకగా మారింది. విక్టోరియా జీవితకాలంలోనే ఈ జాతి సగటు పరిమాణం సగానికి తగ్గిందని చెబుతారు. 1901 జనవరిలో ఆస్‌బర్న్ హౌస్‌లో ఆమె అంతిమ ఘడియలలో ఉన్నప్పుడు, టూరీ అనే పామరేనియన్‌ను ఆమె మంచం మీదికి తెచ్చి ఉంచారు.

తక్కెడలో జాతి

సగానికి తగ్గడం అన్నది ఎలా జరిగింది? ఇందులో ఇంద్రజాలం ఏమీ లేదు. ప్రతి ఈతలోనూ ఒక పిల్ల మిగిలినవాటి కంటే చిన్నదిగా ఉంటుంది. మన పల్లెల్లో అయితే అటువంటి దానిని బక్కపిల్ల అని జాలిపడి వదిలేస్తారు. ప్రదర్శనల కోసం కుక్కలను పెంచేవారు ఆ బక్కపిల్లనే ఏరి, మరొక ఇంటి బక్కపిల్లతో జతకట్టించారు. చిన్నవి దొరకనప్పుడు అన్నాచెల్లెళ్ళనూ, తండ్రీకూతుళ్ళనూ కూడా జతకట్టించారు. కుక్కకు రెండేళ్ళకొక తరం చొప్పున లెక్కవేసినా, ఒక మనిషి జీవితకాలంలో ముప్ఫై తరాలు దాటుతాయి.

అదే కాలంలో ఇంగ్లండులో కుక్కల అందచందాలకు ఒక అధికార యంత్రాంగం కూడా ఏర్పడింది. 1859లో న్యూకాసిల్ పట్టణంలో ఆధునిక పద్ధతిలో తొలి కుక్కల ప్రదర్శన జరిగింది. 1873లో కెన్నెల్ క్లబ్ వెలిసింది. జాతికొక వంశావళి పుస్తకం, జాతికొక ప్రమాణపత్రం వచ్చాయి. పామరేనియన్లను మొదట బరువును బట్టి పెద్దవి, చిన్నవి అని రెండు తరగతులుగా పోటీకి నిలిపేవారు. ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో పెద్ద తరగతికి ఆదరణ పోయి, చిన్నదే అసలు పామరేనియన్ అన్న అభిప్రాయం స్థిరపడిపోయింది. 1912లో టైటానిక్ ఓడ మునిగినప్పుడు ప్రాణాలతో బయటపడిన కుక్కలు మూడే. వాటిలో రెండు పామరేనియన్లు, ఒకటి పెకినీస్. యజమానుల ఒడిలో ఇమిడిపోయేటంత చిన్నవి కావడం చేతనే అవి పడవలెక్కగలిగాయి. అప్పటికే ఈ జాతి ఎంతగా కుదించుకుపోయిందో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

నేటి బ్రిటిష్ ప్రమాణం ప్రకారం మగ పామరేనియన్ 1.8 నుండి 2 కిలోలు, ఆడది 2 నుండి 2.5 కిలోలు ఉండాలి. అమెరికాలో ఇది 3 నుండి 7 పౌండ్లు, అంటే 1.4 నుండి 3.2 కిలోలు. ఈ అంకెల్లో ఒక విశేషం ఉన్నది. సాధారణంగా జంతువులలో మగది పెద్దదిగా ఉంటుంది. బ్రిటిష్ వారి ప్రమాణంలో మాత్రం ఆడదాని బరువే ఎక్కువ. పిల్లలను మోయవలసిన శరీరానికి ఆ మాత్రం చోటు ఉండాలన్నది దీని వెనుక ఉన్న ఇంగితమని నాకు తోస్తుంది. మరొక సంగతి కూడా గమనించండి. ఏ దేశపు ప్రమాణపత్రంలోనూ టీకప్ అనే జాతి గాని, ఉపజాతి గాని లేదు. అది అమ్మకందారు పెట్టిన పేరు మాత్రమే. ఆ పేరుతో అమ్మేది బక్కపిల్లనైనా కావాలి, నెలలు నిండకుండా పుట్టినదైనా కావాలి, తిండి చాలనిదైనా కావాలి, లేదా వయసు తప్పు చెప్పి అమ్ముతున్న నాలుగు వారాల కూన అయినా కావాలి.

ఎముకల లోపలి కథ

ఇంత వేగంగా ఒక ప్రాణిని కుదించడం ఎలా సాధ్యమయిందో విజ్ఞానశాస్త్రం ఇటీవలనే వివరించింది. శరీర వృద్ధిని నియంత్రించే ఐజీఎఫ్-1 అనే జన్యువులో ఒక చిన్న తేడా పొట్టి కుక్కలన్నింటిలోనూ దాదాపుగా కనబడుతుందని 2007లో సైన్స్ పత్రికలో పరిశోధకులు ప్రకటించారు. 2022లో మరొక ఆశ్చర్యకరమైన సంగతి బయటపడింది. పొట్టితనానికి కారణమైన ఆ మార్పు మనిషి సృష్టించినది కాదు. సుమారు 54,000 సంవత్సరాల నాటి సైబీరియా తోడేలు అవశేషాలలోనే అది ఉన్నది. మనిషి కుక్కను మచ్చిక చేసుకోకముందే ఆ బీజం అడవిలో ఉన్నదన్నమాట. మనం చేసినదల్లా దానిని ఏరి, పోగుచేసి, చివరి అంచు దాకా నెట్టడం.

ఆ చివరి అంచున శరీరం ఎలా ఉంటుందో కొనేవారు తెలుసుకోవాలి. శరీరం కుదించుకుపోయినా అందులోని భాగాలన్నీ ఒకే నిష్పత్తిలో కుదించుకుపోవు. తోడేలు వంటి గొర్రెలకాపరి కుక్కకు 42 పళ్ళు. రెండు కిలోల పామరేనియన్‌కు కూడా 42 పళ్ళే. చిన్న దవడలో అన్ని పళ్ళు ఇరుక్కొని, పాలపళ్ళు ఊడకుండానే కొత్తవి మొలచి, చిగుళ్ళు త్వరగా చెడిపోతాయి. మోకాలి చిప్ప కూర్చొనే గాడి లోతు చాలక పక్కకు జారుతుంది. నడుస్తూ నడుస్తూ కుక్క ఒక కాలు ఎత్తి రెండు గంతులు వేసి మళ్ళీ మామూలుగా నడిస్తే, చూసేవారు ముద్దుగా ఉందనుకొంటారు గాని, అది చిప్ప జారి మళ్ళీ కూర్చోవడం. శ్వాసనాళపు వలయాలు మెత్తబడి, మెడపట్టీ లాగినప్పుడల్లా బాతు అరిచినట్లు దగ్గు వస్తుంది. ముంజేతి ఎముకలు అగ్గిపుల్లంత సన్నగా ఉండి, సోఫా మీద నుండి దూకితే విరుగుతాయి. పసిబిడ్డకు ఉన్నట్లే కొన్నింటికి మాడు పూడకుండా మెత్తగా ఉండిపోతుంది. కొన్నింటికి మెదడులో నీరు చేరుతుంది.

వీటన్నింటి కంటే త్వరగా ప్రాణం తీసేది చక్కెర పడిపోవడం. అతి చిన్న కూన కాలేయంలోనూ కండరాలలోనూ శక్తిని నిలవ చేసుకొనే చోటు చాలా తక్కువ. ఖర్చు పెట్టే మెదడు మాత్రం ఒంటితో పోలిస్తే పెద్దది. రెండు పూటలు తినకపోయినా, ప్రయాణంలో చలికి, భయానికి గురైనా, కూన వణికి, తూలి, మూర్ఛపోతుంది. అందుచేతనే పెట్టెలో పెట్టి బస్సులోనో రైలులోనో "పార్సెల్" చేసిన అతి చిన్న కూనలలో కొన్ని కొత్త ఇంటికి చేరిన రెండు మూడు రోజులకే కన్నుమూస్తాయి. అమ్మినవారు, మీరు సరిగా చూసుకోలేదండీ అంటారు.

ఇక తల్లి మాట. పామరేనియన్ ఈతలో సాధారణంగా ఒకటి నుండి మూడు పిల్లలు. కడుపులో ఒకే పిల్ల ఉన్నప్పుడు అది తల్లి కటికి మించి పెరుగుతుంది. తల్లి ఎంత చిన్నదైతే కాన్పు అంత కష్టం. చాలాసార్లు కోసి తీయవలసి వస్తుంది. రెండు కిలోల లోపు ఆడ కుక్కను పిల్లల కోసం వాడటం మంచి పెంపకందారులు చేయరు. కనుక "తల్లి కూడా టీకప్పే" అని ఎవరైనా గొప్పగా చెబితే, ఆ మాటకు అర్థం ఏమిటో మనం ఆలోచించుకోవాలి.

మన వాడలకు వచ్చిన దారి

మన దేశంలో పామరేనియన్ పేరుతో తరతరాలుగా పెరిగిన తెల్ల కుక్క నిజానికి ఇండియన్ స్పిట్జ్. బ్రిటిష్ పాలనా కాలంలో వచ్చిన జర్మన్ స్పిట్జ్ కుక్కల సంతతి ఇది. మన ఎండకు తట్టుకొని, మన అన్నం పప్పు తిని, తరాలు గడిచే కొద్దీ ఇక్కడిదైపోయింది. ఇది పామరేనియన్ కంటే పెద్దది, బొచ్చు పలుచన, మూతి పొడుగు. విదేశీ కుక్కలు సులభంగా దొరకని 1980, 1990 దశకాలలో మధ్యతరగతి ఇళ్ళలో దీనిదే రాజ్యం. 1994 నాటి "హమ్ ఆప్‌కే హై కౌన్" చిత్రంలో క్రికెట్ ఆటకు అంపైరుగా కూర్చొని, చివరకు ఉత్తరం మోసుకెళ్ళి కథను మలుపు తిప్పిన టఫీ ఇండియన్ స్పిట్జే. ఆ చిత్రం తెలుగులో "ప్రేమాలయం"గా వచ్చినప్పుడు ఊరూరా ఎన్ని కుక్కలకు టఫీ అని పేరు పెట్టారో నా వయసువారికి గుర్తుండే ఉంటుంది.

తరువాతి కాలంలో విదేశీ జాతులు వెల్లువెత్తాయి. ఇండియన్ స్పిట్జ్ నెమ్మదిగా వాడల నుండి కనుమరుగు కాసాగింది. దాని స్థానంలో ఎలుగుబంటి బొమ్మ వంటి గుండ్రటి ముఖం గల, గుప్పెడంత కుక్క కావాలన్న మోజు వచ్చింది. అమెరికాలో బూ అనే పామరేనియన్ సామాజిక మాధ్యమాలలో ప్రపంచ ప్రఖ్యాతి పొంది 2019లో మరణించింది. పొట్టిగా కత్తిరించిన దాని బొచ్చును చూసి, కోరిక ఒక ఖండం నుండి మరొక ఖండానికి ఒక్క రాత్రిలో ప్రయాణించింది. మార్కో వార్త ఇంగ్లండు దాటడానికి సంవత్సరాలు పట్టింది.

సరమ అడిగిన న్యాయం

మన భారతం కుక్కతో మొదలై కుక్కతో ముగుస్తుందని పెద్దలు చమత్కరిస్తూ ఉంటారు. ముగింపులోని కుక్క ధర్మరాజు వెంట నడిచినది, అందరికీ తెలుసు. మొదటి కుక్కను మనం అంతగా తలచుకోము. నన్నయగారి ఆదిపర్వంలో జనమేజయుడు సత్రయాగం చేస్తూ ఉండగా సారమేయుడనే కుక్కపిల్ల అక్కడికి ఆడుకొంటూ వస్తుంది. రాజు తమ్ముళ్ళు దానిని కొడతారు. అది ఏడుస్తూ తల్లి సరమ వద్దకు పోతుంది. సరమ నేరుగా రాజు ముందుకు వచ్చి, ఏ తప్పూ చేయని నా బిడ్డను ఎందుకు కొట్టారని నిలదీస్తుంది. యుక్తాయుక్త విచక్షణ లేక బలహీనులకు కీడు చేసేవారికి అనుకోని ఆపదలు వస్తాయని చెప్పి వెళ్ళిపోతుంది. అంతటి ఇతిహాసానికి ఒక కుక్క తల్లి వేసిన ప్రశ్నను ద్వారబంధంగా నిలపడం ఊరకే జరిగినది కాదని నేను నమ్ముతాను.

అధునాతన చట్టాలు తిరిగి తిరిగి ఆ తల్లి వద్దకే వచ్చి చేరాయి. స్పిట్జ్ పుట్టిల్లయిన జర్మనీ 1986లో జంతు సంరక్షణ చట్టంలో, సంతానానికి బాధ కలిగించే రూపురేఖల కోసం జంతువులను జతకట్టించరాదని ఒక విధి చేర్చింది. ఇంగ్లండులో 2020 ఏప్రిల్ నుండి "లూసీ చట్టం" అమలులోకి వచ్చింది. వేల్స్‌లోని ఒక కుక్కపిల్లల ఫారం నుండి 2013లో రక్షింపబడి, మితిమీరిన కాన్పులతో ఛిద్రమైన శరీరంతో 2016లో మరణించిన ఒక తల్లి కుక్క పేరు అది. ఆరు నెలల లోపు కూనను దళారులు అమ్మరాదు. పెంపకందారు కూడా తాను పెంచిన చోటనే, తల్లితో కలిపి చూపించి అమ్మాలి.

మన దేశంలోనూ 2017 మే నెలలో కుక్కల ప్రజననం, అమ్మకాల నియమావళి వెలువడింది. పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు కావాలి, ఎనిమిది వారాలు నిండని కూనను అమ్మరాదు, రికార్డులు ఉంచాలి. అంతకు ముందే, 2016లో, వ్యాపారం కోసం విదేశాల నుండి కుక్కలను దిగుమతి చేసుకోవడం మీద కేంద్రం ఆంక్షలు విధించింది. చట్టం ఉన్నదని తెలిసి అడిగే కొనుగోలుదారు లేనిచోట మాత్రం అది కాగితానికే పరిమితమవుతుంది.

కొనేవారు అడగవలసినవి

హైదరాబాదులో ఉన్న మా చెల్లెలి కూతురు ఒకనాడు తన ఫోనులో ఒక ప్రకటన చూపించింది. "మామయ్యా, ఇది పెద్దయ్యాక కూడా అరచేతిలోనే ఉంటుందట! 35 రోజుల పిల్ల. ఇంటికే తెచ్చి ఇస్తారట" అన్నది. "తల్లిని చూపిస్తారేమో అడుగమ్మా" అన్నాను. అడిగింది. తల్లి ఊళ్ళో ఉన్నది మేడం, ఫోటో పంపిస్తాను అన్నాడు అవతలి వ్యక్తి. ఆ ఊరికే మేము వస్తాము అంటే ఫోను పెట్టేశాడు. ఆ తరువాత ఆమె నాలుగైదు నెలలు వెదికింది. ఆ వెదుకులాటలో మేము ఇద్దరమూ నేర్చుకొన్నవాటిని క్రోడీకరించి వ్రాస్తున్నాను.

మొదటిది, తల్లిని కళ్ళారా చూడాలి. కూనలు పుట్టిన చోటికే వెళ్ళాలి. తల్లి తోక ఊపుతూ వస్తున్నదా, మూలకు నక్కుతున్నదా, సరిగా నడుస్తున్నదా, బొచ్చు కింద చర్మం ఆరోగ్యంగా ఉన్నదా గమనించాలి. దాని వయసెంత, ఇది ఎన్నవ ఈత, గత ఈతకు ఎంత వ్యవధి ఇచ్చారు, కాన్పు మామూలుగా జరిగిందా అని అడగాలి. ఈ ప్రశ్నలకు చిరాకుపడే చోట కొనవద్దు.

రెండవది, వయసు. చట్టం ఎనిమిది వారాలు అంటున్నది. అతి చిన్న జాతులలో పది, పన్నెండు వారాల వరకు తల్లి వద్దనే ఉంచే పెంపకందారులు ఉత్తములు. ఎంత ఎక్కువ కాలం ఆగమంటే అంత మంచి గుర్తు. తల్లి పాలు, తోబుట్టువులతో పెనుగులాట కూనకు ఒళ్ళునూ, బుద్ధినీ ఇస్తాయి.

మూడవది, పరీక్షలు. అమెరికాలోని పామరేనియన్ జాతి సంఘం మోకాలు, గుండె, కళ్ళు మూడింటినీ పరీక్షించమంటుంది. మోకాలి చిప్ప పరీక్షకు పెద్ద యంత్రాలేమీ అక్కరలేదు. అనుభవజ్ఞుడైన పశువైద్యుడు చేతితో తడిమి చెప్పగలడు. తల్లిదండ్రులు ఇద్దరి పరీక్షల కాగితాలు అడగాలి. వంశావళి పత్రం వేరు, ఆరోగ్య పత్రం వేరు. మొదటిది తాతముత్తాతల పేర్లు మాత్రమే చెబుతుంది. కూనను మీరు నమ్మిన వైద్యుని వద్ద మూడు నాలుగు రోజులలోపు చూపించి, లోపం ఉంటే తిరిగి ఇవ్వగలిగేటట్లు వ్రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవాలి.

నాలుగవది, రంగు, బరువుల మోజు వదలడం. మచ్చలు మచ్చలుగా ఉండే మెర్ల్ రంగు ఇప్పుడు ఖరీదైనది; అటువంటి రెండింటిని జతకట్టిస్తే చెవిటివి, గుడ్డివి పుడతాయి. ఈతలోకెల్లా చిన్నది కావాలని అడగడం మానాలి. ఈతలో హుషారుగా, నిండుగా ఉన్న కూన చాలా ఏళ్ళు మనతో ఉంటుంది.

మా మేనకోడలికి చివరకు దొరికిన పెంపకందారు ఒక గృహిణి. రెండు ఆడ కుక్కలు, ఏడాదికి ఒక ఈత దాటనివ్వదు. మేము అడిగిన దాని కంటే ఆమె మమ్మల్ని అడిగినవే ఎక్కువ. పగలు ఇంట్లో ఎవరు ఉంటారు? బాల్కనీ కటకటాల మధ్య సందు ఎంత? చిన్నపిల్లలు ఎత్తుకొని పడవేసే ప్రమాదం ఉన్నదా? రోజుకు నాలుగు పూటలు కొద్దికొద్దిగా తినిపించగలరా? మెడపట్టీ వద్దు, ఛాతీకి కట్టే పట్టీ కొనండి. మీరు ఎప్పుడైనా పెంచలేకపోతే ఇంకెవరికీ ఇవ్వకండి, నాకే తెచ్చి ఇవ్వండి. పిల్లను పదకొండు వారాలకు గాని ఇవ్వలేదు. బయానా ఇచ్చి వచ్చిన నాడు ఆ తల్లి కుక్క గుమ్మం దాకా వచ్చి మమ్మల్ని గట్టిగా అరిచి పంపింది. ఇప్పుడు ఆ కూన పెరిగి మూడు కిలోలకు కొంచెం తక్కువ తూగుతున్నది. బ్రిటిష్ ప్రమాణానికి అది కాస్త ఎక్కువే. మెట్లు తనంతట తాను ఎక్కి దిగుతున్నది.

అసలు కొనడమే ఎందుకు, వీధి కూనను తెచ్చుకోరాదా అని అడిగేవారు ఉంటారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉన్నది, నేను కాదనను. మన ఎండకు మన నేల కుక్క సరిపోయినట్లు మరేదీ సరిపోదు. వదిలివేయబడిన పామరేనియన్లు కూడా జంతు సంరక్షణ ఆశ్రయాలలో దొరుకుతాయి. వాటికి ఇల్లు ఇవ్వడం ఇంకా మంచిది. కాని కొననే కొంటామన్నవారు ఎలాగూ ఉంటారు కనుక, వారి చేతిలో ఎంత శక్తి ఉన్నదో వారికి తెలియాలి. షార్లెట్ కుక్కను మార్కోగా, మార్కోను రెండు కిలోల బొమ్మగా మార్చింది పెంపకందారుల నైపుణ్యమే అయినా, వారు ఆ నైపుణ్యాన్ని కొనేవారి కోరిక ఎటు నడిపిస్తే అటు నడిపించారు. నూట ముప్ఫై ఏళ్ళుగా కొనేవారు ఇంకా చిన్నది ఉన్నదా అని అడుగుతూ వచ్చారు. తల్లి ఎలా ఉన్నది అని అడిగేవారు పెరిగితే, ఈ జాతి రానున్న తరాలలో కొంచెం బరువెక్కి, కొంచెం గట్టిపడి, దాని పూర్వుల వలె హాయిగా పరుగెత్తగలుగుతుంది.